అట్టముక్క మీద ఆదివారం

(గల్ఫ్ వలస స్త్రీలతో పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం 'వలస స్త్రీలు - పని హక్కులు'. జీతాలు, పాస్‌పోర్టులు, ఏజెంట్ల మోసాలు, ఇళ్ళలో జరిగే హింస - వీటి గురించి ఉదయం నుంచీ వివరంగా మాట్లాడుకున్నాం. నేను వాటిలోకి వెళ్ళను. హోటల్లో కూర్చుని టీ తాగడం గురించి, ట్రామెక్కి ఊరు చూడడం గురించి, పరాయి దేశంలోని పెద్ద నగరంలో చేతిలో నాలుగు డబ్బులతో ఒక సెలవురోజు గడపడం గురించి మాట్లాడతాను. మీలో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నాకూ సంకోచంగానే ఉండింది. జీతం ఎగ్గొట్టి, కొట్టి, విమానం ఎక్కించి పంపేస్తున్న స్త్రీల సమస్యల మధ్య ఈ సరదాల గోలేమిటని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఎందుకు మనసు మార్చుకున్నానో చెప్పడానికే ఈ అరగంట.

ముందు మా ఇంటి సంగతి. మాది కోస్తాలో ఒక చిన్న పట్నం. బస్టాండు ఎదురుగా ఉడిపి హోటలు ఉండేది. నెలకొకసారి నాన్న అన్నయ్యలిద్దరినీ అక్కడికి తీసుకెళ్ళేవాడు. అమ్మకీ నాకూ చెల్లికీ పార్సెల్ వచ్చేది. అరిటాకులో పెట్టి, పైన పేపరు చుట్టి, పురికొసతో కట్టిన మసాలా దోసె. ఇంటికి వచ్చేసరికి మెత్తబడి ముద్దయిపోయేది. దోసె కరకరలాడుతుందనే సంగతి నాకు చాలా ఏళ్ళు తెలియదు. అమ్మ డెబ్బై రెండేళ్ళు బతికింది. హోటల్లో కూర్చుని తిన్నది, నాకు తెలిసి, మూడుసార్లు. మూడుసార్లూ పెళ్ళిబట్టలు కొనడానికి వెళ్ళినప్పుడే. మూడుసార్లూ 'ఫ్యామిలీస్' అని బోర్డు పెట్టి పచ్చ కర్టెను కట్టిన గదిలోనే.

నేను ఒక్కదాన్నే హోటల్లోకి వెళ్ళి టీ అడిగింది నా ఇరవై ఆరో ఏట, హైదరాబాద్‌లో, పిహెచ్‌డి కోసం బస్తీలు తిరుగుతున్న రోజుల్లో. సర్వరు వచ్చి "ఫ్యామిలీ లోపల కూర్చోవాలమ్మా" అన్నాడు. నేనొక్కదాన్నే ఫ్యామిలీ ఎలా అవుతానని అడిగే ధైర్యం లేక లోపలికి వెళ్ళి కూర్చున్నాను. బొంబాయిలో స్త్రీలు బయట తిరగడం గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం రాశారు. ఆడమనిషి వీధిలో కనబడాలంటే ఏదో ఒక పని మీద వచ్చినట్టు కనబడాలి, ఊరికే ఉండే హక్కు ఆమెకు లేదు, ఆ హక్కునే అడగాలి అన్నది వాళ్ళ వాదన. చదివినప్పుడు బాగానే ఉందనుకున్నాను గానీ, అది మధ్యతరగతి స్త్రీల బాధేమోనన్న అనుమానం లోపల ఉండిపోయింది.

2023 సెప్టెంబరులో ఒక చిన్న ఫెలోషిప్ మీద నాలుగు నెలలు హాంకాంగ్ వెళ్ళాను. నాకు దొరికిన గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. వంటకు చోటు లేదు. కాబట్టి మూడు పూటలా బయటి తిండే. అక్కడ 'చా చాన్ తెంగ్' అనే టీ హోటళ్ళు వీధికి నాలుగుంటాయి. గుడ్డసంచిలో వడగట్టిన చిక్కటి టీలో డబ్బా పాలు పోసి ఇస్తారు. మన ఇరానీ చాయ్‌కి దూరపు చుట్టం లాంటిది. పైనాపిల్ బన్ను అని ఒకటి ఉంటుంది, అందులో పైనాపిల్ ముక్క కూడా ఉండదు, పైన చెక్కులు చూసి ఆ పేరు పెట్టారు. పంది మాంసం నాకు అలవాటు లేదు. ఒక విద్యార్థిని చైనా అక్షరాల్లో 'పంది మాంసం వద్దు' అని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ నాలుగు నెలలు నా పర్సులో ఉంది, చివరికి టీ మరకలతో అక్షరాలు కూడా కనబడకుండా పోయాయి.

ఆ హోటళ్ళలో ఎవరికీ బల్ల సొంతం కాదు. ఖాళీ కుర్చీ ఎక్కడుంటే అక్కడ కూర్చోబెడతారు. ఒక పక్క పేపరు చదివే ముసలాయన, ఎదురుగా ఆఫీసు అమ్మాయి, మధ్యలో నేను. సర్వరు మర్యాద చేయడు, నవ్వడు, త్వరగా తిని లేవమన్నట్టు చూస్తాడు. కానీ 'ఒక్కరేనా?' అని మాత్రం ఎవరూ అడగలేదు. నలభై దాటిన నాకు అంత గొప్పగా అనిపించిన విషయం ఇదే. నేను ఎవరి భార్యనో, ఎవరి తల్లినో, ఏ పనిమీద వచ్చానో చెప్పుకోనక్కర లేకుండా ఒక గ్లాసు టీ తాగడం!

తిండి తర్వాత తిరుగుడు. అక్కడి ట్రాములు 1904 నుంచీ నడుస్తున్నాయి. నేను ఉన్నప్పుడు ఎంత దూరం వెళ్ళినా మూడే డాలర్లు. హాంకాంగ్ డాలరు అప్పుడు సుమారు పదిన్నర రూపాయలు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఊరంతా సినిమాలాగా కళ్ళముందు నడిచేది. సముద్రం దాటించే స్టార్ ఫెర్రీ మొదలుపెట్టింది దొరాబ్జీ నౌరోజీ అనే పార్సీ, మనదేశం నుంచి వెళ్ళినవాడే. ఏడు డాలర్ల లోపు టికెట్టుతో సాయంత్రం గాలి, రెండు ఒడ్డుల దీపాలు. 2016 నుంచి ప్రభుత్వ మ్యూజియంలు చాలావాటిలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్టు లేదు. పార్కులు ఎలాగూ ఉచితం. చౌకగా బతకడంలో నేను ఆరితేరాననే గర్వం వచ్చింది. ఆ గర్వం మొదటి ఆదివారంతోనే పోయింది.

ఆ రోజు సెంట్రల్ అనే ప్రాంతంలో ట్రాము దిగాను. మిగతా ఆరు రోజులూ అది బాంకుల, కోట్లు వేసుకున్నవాళ్ళ ప్రాంతం. ఆదివారం చేటర్ రోడ్డు మీద కార్లు రావు. రోడ్డు పొడుగునా, వంతెనల మీద, స్టాట్యూ స్క్వేర్‌లో, గోడలు లేకుండా ఖాళీగా వదిలేసిన పెద్ద బాంకు భవనం కింద, ఎక్కడ చూసినా స్త్రీలు. వేలమంది. అట్టపెట్టెలు విప్పి నేల మీద పరిచి, చుట్టూ అట్టలతోనే మోకాలెత్తు గోడ నిలబెట్టి, చెప్పులు బయట విడిచి లోపల కూర్చున్నారు. డబ్బాల్లో అన్నం, చేప, నూడుల్స్. కొందరు గోళ్ళకు రంగు వేయించుకుంటున్నారు, కొందరు పేకాడుతున్నారు, కొందరు ఊరికి పంపే పెట్టెలు సర్దుతున్నారు. ఒకచోట ఇరవైమంది వరసగా నిలబడి డాన్సు నేర్చుకుంటున్నారు. ఒకామె వీడియో ఫోనులో పిల్లవాడికి ఎక్కాలు చెప్పిస్తోంది. ఒకామె ఈ సందడి మధ్యనే దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

వీళ్ళు ఇళ్ళలో పనిచేసే విదేశీ స్త్రీలు. హాంకాంగ్‌లో 3 లక్షలకు పైగా ఉన్నారు. ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, తర్వాత ఇండోనేషియా వాళ్ళు. ఇండోనేషియా స్త్రీలు విక్టోరియా పార్కులో చేరతారు.

నేను చూసింది మొదట పేదరికం మాత్రమే. పాపం, కూర్చోవడానికి కుర్చీ లేదే అనుకున్నాను. మూడో ఆదివారానికి పరిచయమైన ఒక ఫిలిప్పీన్స్ ఆవిడతో ఆ మాటే అన్నాను. ఆమెది నా వయసే, పద్నాలుగేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. నవ్వి, "మేడమ్, మీరు కాఫీ కొని గంటసేపు కుర్చీ అద్దెకు తీసుకుంటారు. నేను అట్ట తెచ్చుకుంటాను, రాత్రి ఎనిమిదింటి దాకా నాదే. ఈ ఊళ్ళో నాకు తలుపున్న గది లేదు. వారమంతా పాప మంచం పక్కన పడుకుంటాను. ఇది నా ముందుగది, చెప్పులు విప్పి రండి" అంది. విప్పి లోపలికి వెళ్ళాను. బెల్లంలాంటి చక్కెరలో వేయించిన అరటికాయ పెట్టింది.

ఇప్పుడు కాస్త లెక్కలు చూద్దాం, మన కార్యకర్తలకు లెక్కలు లేకపోతే తృప్తి ఉండదు కదా. 2023 సెప్టెంబరు చివర్లో వాళ్ళ కనీస వేతనం నెలకు 4,870 డాలర్లకు పెంచారు. యజమాని తిండి పెట్టకపోతే నెలకు 1,236 డాలర్లు భోజనం ఖర్చు ఇవ్వాలన్నారు. రోజుకు 41 డాలర్లు. నేను చౌకగా తింటున్నానని గర్వపడిన హోటల్లో ఒక్క మధ్యాహ్న భోజనమే 50 డాలర్లు దాటేది. అంటే నా ఒక్క పూట చౌకభోజనం కన్నా ఆమె రోజంతటి తిండికి ప్రభుత్వం కట్టిన విలువ తక్కువ. జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పోతుంది. అందుకే ఆమె తను వంట చేసిన ఇంటి నుంచే, లేదా అంగడి నుంచి, డబ్బా తెచ్చుకుంటుంది. 'చౌక వినోదం' అన్న మాటకు నాకూ ఆమెకూ అర్థం ఒకటి కాదు. నాకది పొదుపు, ఆమెకు వేరే దారి లేదు.

అయినా ఆమె రోడ్డు మీద కూర్చోగలిగింది దయవల్ల కాదు, చట్టం వల్ల. హాంకాంగ్ ఉపాధి చట్టం ప్రకారం ఏడు రోజులకొకసారి ఇరవై నాలుగు గంటలకు తక్కువ కాని సెలవు ఇచ్చి తీరాలి. ఇంట్లో పనిచేసే విదేశీ స్త్రీకీ అది వర్తిస్తుంది. ఆచరణలో సాయంత్రం వంటకు వచ్చేయమనేవాళ్ళు, పొద్దున పిల్లలకు టిఫిను పెట్టి వెళ్ళమనేవాళ్ళు ఉన్నారు. అందరికీ ఆదివారమే దొరకదు కూడా. అయినా చట్టం ఉండడం వల్ల అడగడానికి ఒక మాట దొరికింది.

చేటర్ రోడ్డు కథ మరీ విచిత్రం. 1982లో ఆదివారాలు అక్కడ కార్లు ఆపింది ఈ స్త్రీల కోసం కాదు. నడిచేవాళ్ళు పెరిగితే దుకాణాలకు బేరాలు పెరుగుతాయని. బేరాలకు బదులు వీళ్ళు వచ్చారు. 1992లో మళ్ళీ కార్లను రానివ్వాలని ఆ ప్రాంతపు వ్యాపార వర్గాలు అడిగాయి. వీళ్ళను భూగర్భంలోని కార్ల పార్కింగుల్లోకి పంపవచ్చన్న సూచన కూడా వచ్చింది. కార్లు రోడ్డు మీదికి, మనుషులు కార్ల చోటికి! పెద్ద రభస జరిగింది. రోడ్డు మాత్రం వాళ్ళకే మిగిలింది. మళ్ళీ 2022 ఫిబ్రవరిలో, కోవిడ్ రోజుల్లో, ఇద్దరికి మించి గుమికూడితే 5,000 డాలర్ల జరిమానా అన్నారు. అప్పుడు వాళ్ళ కనీస వేతనం 4,630. ఇళ్ళున్నవాళ్ళు ఇళ్ళలో ఉన్నారు. ఇల్లే పనిస్థలమైన స్త్రీలు రోడ్డుమీద పట్టుబడ్డారు.

హాంకాంగ్‌ని స్వర్గం అనడం లేదు. పని పోతే రెండు వారాల్లో దేశం వదలాలన్న నియమం 1987 నుంచి ఉంది. యజమాని ఇంట్లోనే నివసించాలన్న నియమం 2003 నుంచి ఉంది. మిగతా విదేశీయులు ఏడేళ్ళు ఉంటే శాశ్వత నివాసం అడగవచ్చు, వీళ్ళు పాతికేళ్ళున్నా అడగలేరని 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఊరు వీళ్ళను ఆదివారానికి మాత్రమే ఉంచుకుంటుంది. అయితే ఎర్వియానా సులిస్త్యనింగ్సి కేసు గుర్తుచేసుకోండి. ఆ ఇండోనేషియా యువతిని యజమానురాలు నెలల తరబడి హింసించిన సంగతి 2014లో బయటపడింది. 2015లో ఆ యజమానురాలికి ఆరేళ్ళ జైలుశిక్ష పడింది. రుజువైన నేరాల్లో కొట్టడంతో పాటు సెలవురోజులు ఇవ్వకపోవడమూ ఒకటి. నా ఫిలిప్పీన్స్ స్నేహితురాలు ఈ రెంటినీ ఎలా కలిపిందో వినండి. "మా అట్ట మీదికి మూడు వారాలు రాని మనిషి కోసం మేం ఫోను చేస్తాం. ఎత్తకపోతే ఇంటికి వెళ్ళి బెల్లు కొడతాం. అసలు ఒక్క ఆదివారమైనా రాని మనిషిని మేం ఎలా వెతుకుతాం?" సెలవు సరదా కోసమే అనుకున్న నాకు ఆ మాటతో నోట మాట రాలేదు. ఆ అట్టల మీదే యూనియన్లు పుట్టాయి. జీతం రసీదులు ఒకరికొకరు చూపించుకున్నదీ, ఫిర్యాదు కాగితం ఎలా రాయాలో నేర్చుకున్నదీ అక్కడే. పేకాట మధ్యలో, గోళ్ళరంగు ఆరేలోగా.

ఇక్కడొక చిన్న పక్కదారి. మన తిండి మీద బెంగ పుట్టి రెండుసార్లు చుంకింగ్ మాన్షన్స్‌కు వెళ్ళాను. 1961లో కట్టిన పదిహేడు అంతస్తుల భవనం. పాకిస్తాన్, నేపాల్, ఆఫ్రికా దేశాల వాళ్ళు, మనవాళ్ళు అక్కడ చిన్న చిన్న వ్యాపారాలు చేసుకుంటారు. పప్పు, రొట్టె, బిర్యానీ దొరుకుతాయి. వాసనకే ప్రాణం లేచొచ్చింది. కానీ కింది అంతస్తు నిండా మగవాళ్ళు. ఆ చూపులు నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. రెండు నెలలుగా మర్చిపోయిన పని, పమిట సర్దుకోవడం, నా చెయ్యి దానంతటదే చేసింది. ఇంటి తిండి దొరికిన చోటే ఇంటి కాపలా కూడా దొరికింది. అయితే ఆ మగవాళ్ళలో చాలామందికి కూడా ఆ ఊళ్ళో కూర్చోవడానికి వేరే చోటు లేదన్నది ఆలోచిస్తే అర్థమవుతుంది. సులువుగా కోప్పడి వచ్చేయలేకపోయాను.

తిరిగొచ్చాక రాయచోటి ప్రాంతంలో కువైట్ నుంచి వచ్చిన స్త్రీలను కలిశాను. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది 'ఖద్దామా' పనికి వెళ్తారో మీకు నేను చెప్పనక్కర లేదు. ఇదివరకు నా ప్రశ్నాపత్రంలో జీతం, అప్పు, ఏజెంటు, పని గంటలు, వేధింపు ఉండేవి. ఈసారి ఒకటి చేర్చాను: 'సెలవు రోజున ఎక్కడికి వెళ్ళేవారు? ఏం తినేవారు?' ప్రశ్న అర్థం కాక ఇద్దరు ముగ్గురు మళ్ళీ అడిగించుకున్నారు. ఆరేళ్ళు కువైట్ నగరంలో పనిచేసిన ఒకావిడను సముద్రం చూశారా అని అడిగాను. కువైట్ సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు కదా. ఆమె అంది: "జూసినా మేడమ్. కారులో పిల్లోల్లను తీసుకపోయేటప్పుడు అద్దంలో నుంచి. దిగి కాలు బెట్టింది లేదు. మామా దిగనియ్యదు." ఆమె భర్త కూడా కొంతకాలం అక్కడే డ్రైవరుగా చేశాడు. శుక్రవారం మాలియా దగ్గర మనవాళ్ళంతా కలవడం, టీలు, బిర్యానీలు, ఊరి కబుర్లు ఆయన నోటి నుంచి గంటసేపు విన్నాను. ఒకే ఊరు, ఒకే కాలం. ఆమె పక్కనే కూర్చుని, ఆ కబుర్లు మొదటిసారి వింటున్నదానిలా వింది.

కువైట్‌లో కూడా 2015లో ఇంటిపనివాళ్ళ చట్టం వచ్చింది. 68వ నంబరు చట్టం. వారానికొక రోజు జీతంతో కూడిన సెలవు అందులో ఉంది. కానీ సెలవంటే ఆ ఇంటి వంటగదిలోనే కూర్చోవడమా, గేటు దాటడమా అన్నది వేరే పోరాటం. దీన్ని బాగా పట్టుకున్నది 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక. వారానికి వరసగా ఇరవై నాలుగు గంటల విశ్రాంతి అంటుంది. అంతటితో ఆగకుండా, ఆ విశ్రాంతి సమయంలో ఆ ఇంట్లోనో ఆ ఇంటివాళ్ళతోనో ఉండి తీరాలని పనిమనిషిని కట్టడి చేయకూడదని కూడా అంటుంది. ఈ రెండో వాక్యం మన కరపత్రాల్లో నేనెప్పుడూ చూడలేదు. మన దేశం ఆ ఒడంబడికను ఇంకా ఆమోదించలేదు. మన దేశం అనేసి ఊరుకుంటే సుఖంగా ఉంటుంది. నా సంగతి కూడా చెప్పాలి.

మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఒకామె పనిచేస్తోంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి హైదరాబాద్ వచ్చింది. నెలకు రెండు రోజులు సెలవని నేనే పెట్టాను. అదీ నాకు వీలైన రోజులు చూసి. హాంకాంగ్‌లో అట్ట మీద కూర్చుని ముక్కూమొహం తెలియని స్త్రీలను 'సెలవు రోజు ఏం చేస్తారు' అని వందసార్లు అడిగినదాన్ని, మా ఇంట్లో ఈమెను ఒక్కసారీ అడగలేదు. ఆ నోట్సు టైపు చేసుకుంటున్నప్పుడు ఆమె నా పక్కనే నేల తుడుస్తోంది. సిగ్గనిపించి అప్పుడు అడిగాను.

"ఏడికి పోతనమ్మా, బట్టలు పిండుకుంట" అంది. కాసేపాగి, తుడుపుగుడ్డ బకెట్లో వేసి, నవ్వుతూ ఇంకో సంగతి చెప్పింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్టు తీసేశారు కదా. అప్పటి నుంచీ బస్సుల్లో ఒక మాట వింటున్నాం, 'పనీపాటా లేకుండా తిరుగుతున్నారు' అని. ఆ మాట అనేవాళ్ళలో కండక్టర్లు, పెద్దమనుషులు, మన ఇళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. ఆ బస్సెక్కి ఈమె, పక్కింటామె కలిసి ఒక రోజు మధ్యాహ్నం ట్యాంక్‌బండ్‌కు వెళ్ళారట. ఇద్దరిళ్ళలోనూ దవాఖానకు పోతున్నామని చెప్పారట.

"ఏం చేశారక్కడ?" అన్నాను.

"ఏం చేస్తం? కూసున్నం. నీళ్ళు జూసినం."

ఎంత ఖర్చయిందో అడిగాను. ఏడాది దాటినా లెక్క నోటికి ఉంది. బస్సుకు ఏమీ లేదు. మిరపకాయ బజ్జీలు ఇద్దరికీ కలిపి నలభై. చాయ్ చెరొకటి ఇరవై. ఉడకబెట్టిన పల్లీలు పది. "ఆ పది రూపాయలు ఆమెనే ఇచ్చింది, నేను మళ్ల ఇయ్యాలె" అంది.